యూనిఫాం వేసుకున్నాక ఏ హక్కులు మిగులుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరు సైన్యానికి ఎంపికయ్యారంటే సంతోషం వెనకే సందేహాలూ మొదలవుతాయి. ఓటు ఉంటుందా? ఫేస్‌బుక్ వాడుకోవచ్చా? పై అధికారి అన్యాయం చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? అడిగిన ప్రతిసారీ "సైన్యమంటే అంతే, సర్దుకుపోవాలి" అనే మాటే వినిపిస్తుంది. ఆ మాట తప్పు. సైన్యంలో ఆంక్షలు ఉన్న మాట నిజమే, కొన్ని చాలా కఠినంగానూ ఉంటాయి. కానీ ఏ ఆంక్షకైనా వెనక ఒక చట్టం ఉండాలి, డ్యూటీతో దానికి సంబంధమూ ఉండాలి. ఈ రెండూ లేని చోట సైనికుడికి మిగతా పౌరులతో సమానంగా హక్కులు ఉండాల్సిందే. కింది జవాబులన్నీ ఈ లెక్కనే రాశాను.

సైన్యంలో చేరితే ప్రాథమిక హక్కులు పోతాయా?

పోవు, తగ్గుతాయి. ఎంత తగ్గుతాయన్నది దేశాన్ని బట్టీ, హక్కును బట్టీ మారుతుంది.

భారత రాజ్యాంగంలో 33వ అధికరణ ఇందుకోసమే ఉంది. సాయుధ దళాల వారికి ప్రాథమిక హక్కులు ఎంతవరకు వర్తించాలో, ఏవి అసలు వర్తించకూడదో పార్లమెంటు చట్టం ద్వారా నిర్ణయించవచ్చని అది చెబుతుంది. అయితే ఆ అధికారానికి రెండే ప్రయోజనాలు రాశారు: విధులు సరిగా జరగడం, క్రమశిక్షణ నిలబడటం. జర్మనీ రాజ్యాంగం 17ఎ అధికరణలో మరింత జాగ్రత్త కనిపిస్తుంది. అభిప్రాయం చెప్పడం, సభలు జరుపుకోవడం, కొందరు కలిసి అర్జీ పెట్టుకోవడం అంటూ ఏ హక్కులను కుదించవచ్చో పేరు పెట్టి మరీ రాశారు.

పౌర, రాజకీయ హక్కుల మీద 1966లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక కూడా ఇదే దారిలో ఉంది. సంఘం పెట్టుకునే హక్కు దగ్గర సైనికులకు, పోలీసులకు చట్టబద్ధమైన పరిమితులు పెట్టుకోవచ్చంది. చిత్రహింసల నుంచి రక్షణ దగ్గరికి వచ్చేసరికి అలాంటి మినహాయింపు ఏదీ ఇవ్వలేదు.

మామూలు ఉద్యోగికి లేని ఆంక్షలు వీళ్లకే ఎందుకు?

అందరూ ముందుగా చెప్పే కారణం యుద్ధం. కాల్పుల మధ్య ఆర్డర్ మీద చర్చ పెట్టుకుంటే ప్రాణాలు పోతాయి. ఆ అలవాటు శాంతికాలంలోనే పడాలి. ఇందులో కాదనడానికి ఏమీ లేదు.

రెండో కారణాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. నిజానికి అదే బరువైనది. దేశంలో అందరికంటే ఎక్కువ ఆయుధాలు సైన్యం చేతిలోనే ఉంటాయి. అదే సైన్యం ఒక పార్టీ జెండా పట్టుకుంటే ఇక ఎన్నికలకు విలువేముంటుంది? కాబట్టి రాజకీయాల మీద పెట్టే ఆంక్ష సైనికుడి మీద అనుమానంతో పెట్టింది కాదు, మిగతా పౌరుల హక్కులను కాపాడటానికి పెట్టింది. మన స్వేచ్ఛ కోసం సైనికుడు తన స్వేచ్ఛలో కొంత వదులుకుంటున్నాడు. అందుకే ఆ వదులుకునే వాటా అవసరానికి మించి ఒక్క పిసరు కూడా ఎక్కువ కాకుండా చూడాల్సిన బాధ్యత మనది.

కమాండింగ్ ఆఫీసర్ నోటిమాటతో కొత్త ఆంక్ష పెట్టవచ్చా?

రోజువారీ డ్యూటీకి సంబంధించిన ఆర్డర్లు ఇవ్వవచ్చు. ఎక్కడుండాలి, ఏం వేసుకోవాలి, ఎప్పుడు హాజరవ్వాలి, ఇవన్నీ ఆయన పరిధిలోవే. ప్రాథమిక హక్కును తగ్గించడం మాత్రం వేరే సంగతి, దానికి చట్టం కావాలి. భారత్‌లో 1950 నాటి ఆర్మీ చట్టం 21వ సెక్షన్ మూడు విషయాల్లో నిబంధనలు చేసే అధికారం ఇచ్చింది. యూనియన్లలో, రాజకీయ సంఘాల్లో సభ్యత్వం మొదటిది. సభలు, ప్రదర్శనలు రెండోది. పత్రికలకు సమాచారం ఇవ్వడం, పుస్తకాలు ప్రచురించడం మూడోది. వీటి వివరాలు 1954 ఆర్మీ రూల్స్‌లో 19, 20, 21 రూల్స్‌లో ఉన్నాయి. "నిన్ను ఆపే హక్కు నాకుంది" అని ఎవరైనా అంటే ఏ రూలు ప్రకారమో మర్యాదగా అడగడం తప్పు కాదు.

అంటే ఏ ఆర్డర్ ఇచ్చినా పాటించాల్సిందేనా?

చట్టబద్ధమైన ఆర్డర్‌ను పాటించాల్సిందే. భారత ఆర్మీ చట్టం 41వ సెక్షన్ కూడా శిక్ష వేసేది చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరిస్తేనే. ఆ "చట్టబద్ధమైన" అన్న ఒక్క మాటలోనే చాలా ఉంది. నేరం చేయమనే ఆర్డర్‌ను పాటించకూడదని జర్మనీ సైనికుల చట్టం నేరుగా రాసింది. "పైవాళ్లు చెప్పారు, చేశాను" అన్నంత మాత్రాన నేరం నుంచి బయటపడలేరన్న సూత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జరిగిన నూరెంబర్గ్ విచారణలతో అంతర్జాతీయంగా స్థిరపడింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆర్డర్ నచ్చకపోవడం వేరు, చట్టవిరుద్ధం కావడం వేరు. పోస్టింగ్ కష్టంగా ఉందని, లీవ్ ఇవ్వలేదని డ్యూటీకి రాకపోతే కేసు మీ మీదకే తిరుగుతుంది. అలాంటి చోట ముందు పాటించి తర్వాత ఫిర్యాదు చేయడమే క్షేమం.

ట్రైనింగ్‌లో, యూనిట్‌లో కొడితే భరించాలా?

అక్కర్లేదు. "రాటుదేలాలంటే దెబ్బలు తినాలి" అనే నమ్మకం ఎంత పాతదైనా చట్టం దాన్ని ఒప్పుకోలేదు. భారత ఆర్మీ చట్టం 47వ సెక్షన్ ప్రకారం కింది ర్యాంకు వాళ్ల మీద చేయిచేసుకున్నా, వాళ్లను మరోరకంగా వేధించినా అది నేరం, 7 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. కఠినమైన శిక్షణ వేరు, అవమానం వేరు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లవాడి గొంతు మారితే తల్లిదండ్రులు "ఓర్చుకో నాన్నా" అనేసి ఫోన్ పెట్టేయకండి. ఏం జరిగిందో అడగండి, తేదీలు రాసి పెట్టుకోమని చెప్పండి.

ప్రభుత్వాన్నో పై అధికారులనో విమర్శించవచ్చా?

అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇదే. కోర్టులు కూడా దీని మీద ఒకే మాట చెప్పలేదు.

అమెరికాలో వియత్నాం యుద్ధ కాలంలో ఒక సైనిక వైద్యుడు ప్రత్యేక దళాల వారికి శిక్షణ ఇవ్వనన్నాడు. నల్లజాతి సైనికులు ఆ యుద్ధానికి వెళ్లకూడదని బహిరంగంగా అన్నాడు. ఆయన శిక్షను 1974లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. సైన్యం ఒక ప్రత్యేక సమాజమని, బయట చెల్లే మాట లోపల చెల్లకపోవచ్చని దాని వాదన.

యూరప్‌లో తూకం కొంచెం వేరుగా ఉంది. నెదర్లాండ్స్‌లో నిర్బంధ సైనికుల (చట్టం ప్రకారం తప్పనిసరిగా సైన్యంలో చేరాల్సి వచ్చిన వాళ్ల) పత్రికలో రాసినందుకు శిక్షపడిన వాళ్ల కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు 1976లో తీర్పిచ్చింది. బ్యారక్స్‌లో ఉద్రిక్తత ఉన్నప్పుడు ఆ రాతలను ఆపడం వాక్‌స్వేచ్ఛకు విరుద్ధం కాదంది. అయితే శిక్ష వేసిన పద్ధతిలో తప్పులు పట్టింది. 1997లో గ్రీస్ కేసు వచ్చింది. సైన్యాన్ని చాలా ఘాటుగా తిడుతూ ఒక యువ అధికారి తన కమాండింగ్ ఆఫీసర్‌కు ఉత్తరం రాశాడు. ఆయన్ని జైల్లో పెట్టడం తప్పని ఈసారి అదే కోర్టు తేల్చింది. ఆ ఉత్తరం పత్రికల్లో రాలేదు, యూనిట్‌లో అల్లరి రేపలేదు, ఒకరిద్దరు అధికారుల దగ్గరే ఉండిపోయింది.

ఆ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే కోర్టులు దేన్ని కొలుస్తున్నాయో తెలుస్తుంది. మాట ఎంత ఘాటుగా ఉందన్నదాని కంటే, అది ఎవరి చెవిన పడింది, యూనిట్‌లో ఏం జరిగింది అన్నవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి. విమర్శ ఉంటే సరైన దారిలో, రాతపూర్వకంగా, పైకి పంపడమే సైనికుడికి రక్షణ. భారత్‌లో రాజకీయ విషయం మీద, సర్వీసు విషయం మీద పత్రికలకు ఏదైనా ఇవ్వాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.

ఫోన్, సోషల్ మీడియా సంగతి?

ఇక్కడ ఆంక్షలు కఠినంగా ఉంటాయి, దానికి బలమైన కారణం కూడా ఉంది. ఒక సెల్ఫీ వెనక కనిపించే కొండను బట్టి యూనిట్ ఎక్కడుందో చెప్పేయవచ్చు. భారత సైన్యం 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తీసేయమని తన సిబ్బందిని ఆదేశించింది. ఒక అధికారి దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసినా నిలవలేదు. ఇంట్లోవాళ్లకు ఈ రూల్స్ నేరుగా వర్తించవు. అయినా పోస్టింగ్ వివరాలు, యూనిఫాం ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి. మీరు పెట్టిన పోస్టుకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీ ఇంటి సైనికుడే.

ఓటు ఉంటుందా? ఎన్నికల్లో పోటీ చేయవచ్చా?

చాలా దేశాల్లో ఓటు ఉంది. కానీ ఇది ఎప్పుడూ ఉన్న హక్కని అనుకోకండి. ఫ్రాన్స్‌లో సైనికులకు ఓటు 1945లో వచ్చింది. కొలంబియాలో ఉద్యోగంలో ఉన్న సైనికులు ఓటు వేయకూడదని 1991 రాజ్యాంగం చెబుతోంది. బ్రెజిల్‌లో నిర్బంధ సైనిక సేవ చేస్తున్నంత కాలం యువకులు ఓటరుగా నమోదు కాలేరు.

భారత్‌లో సైనికులు సర్వీస్ ఓటర్లు. బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో యూనిట్‌కు వస్తుంది, దాన్ని ప్రింటు తీసి, ఓటు గుర్తు పెట్టి పోస్టులో తిప్పి పంపాలి. సొంత నియోజకవర్గంలో ఒకరిని నియమించుకుని వాళ్ల ద్వారా ఓటు వేయించే ప్రాక్సీ పద్ధతి కూడా ఉంది. తోడుగా ఉంటున్న భార్య కూడా సర్వీస్ ఓటరే. అయితే మహిళా అధికారి భర్తకు చాలాకాలం ఈ వీలు లేదు. 2021లో చట్టంలో "భార్య" అన్న మాట తీసి "జీవిత భాగస్వామి" అని మార్చారు. చిన్న మార్పే, కానీ ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి.

పోటీ విషయంలో బ్రిటన్, భారత్ రెండూ ఉద్యోగంలో ఉండగా చట్టసభ సభ్యుడిగా ఉండనివ్వవు. జర్మనీలో సైనికుడు అభ్యర్థిగా నిలబడవచ్చు.

యూనియన్ పెట్టుకోవచ్చా? సమ్మె?

సమ్మెకు దాదాపు ఎక్కడా దారి లేదు. సంఘం విషయంలో మాత్రం దేశాలు రెండుగా చీలిపోయాయి. అమెరికాలో 1978 నుంచి సైనిక యూనియన్లు నిషేధం. భారత్‌లోనూ కేంద్రం అనుమతి లేకుండా వీల్లేదు. నెదర్లాండ్స్‌లో నిర్బంధ సైనికులు 1966లోనే యూనియన్ పెట్టుకున్నారు. జర్మనీ సైనికులకు 1956 నుంచి సొంత సంఘం ఉంది. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లో సైనికులను యూనియన్లలో చేరనివ్వని నిబంధనను కొట్టేసింది. ఫ్రాన్స్ పూర్తి నిషేధం పెట్టుకుని కూర్చుంటే 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టింది. పరిమితులు పెట్టుకోవచ్చు గానీ హక్కునే పూర్తిగా తుడిచేయకూడదంది. మరుసటి ఏడాదే ఫ్రాన్స్ సైనిక వృత్తి సంఘాలకు చట్టం చేసింది. ఆ దేశ రక్షణ దానివల్ల బలహీనపడిందని ఎవరూ అనలేదు. జీతం, ఇల్లు, పిల్లల చదువు గురించి కలిసి మాట్లాడుకోవడానికి ఒక వేదిక ఉంటే క్రమశిక్షణ చెడుతుందన్న వాదన నాకు ఎప్పుడూ సబబుగా అనిపించలేదు.

మత విశ్వాసాలు పాటించవచ్చా?

పాటించవచ్చు. యూనిఫాం, రూపం, ర్యాంకు దగ్గర మాత్రం గీత పడుతుంది. భారత సుప్రీంకోర్టు 2016లో వైమానిక దళ ఉద్యోగి మతం పేరుతో గడ్డం పెంచుకోవడానికి వేసిన కేసును కొట్టేసింది. జుట్టు తీయడాన్ని, గడ్డం గీయడాన్ని మతం నిషేధించిన వాళ్లకే నిబంధనల్లో మినహాయింపు ఉందని చెప్పింది. సిక్కులకు ఆ మినహాయింపు వర్తిస్తుంది. అమెరికాలో ఒక యూదు అధికారి యూనిఫాంతో పాటు మత టోపీ పెట్టుకున్న కేసులో 1986లో సుప్రీంకోర్టు సైన్యం వైపే నిలిచింది. మరుసటి ఏడాదే అక్కడి కాంగ్రెస్ చట్టం చేసి, శుభ్రంగా, ఆడంబరం లేకుండా ఉండే మత చిహ్నాలను అనుమతించింది. కోర్టులో ఓడిన హక్కు చట్టసభలో గెలిచిన సందర్భం ఇది.

ర్యాంకు గురించి ఒక గ్రీస్ కేసు చెప్పాలి. వైమానిక దళ అధికారులు కొందరు తమ కింద పనిచేసే వాళ్లను మతం మార్చుకోమని వెంటపడ్డారు. కింది సైనికుల విషయంలో వాళ్లకు పడిన శిక్షను 1998లో యూరప్ కోర్టు సమర్థించింది. బయటి పౌరులతో మాట్లాడినందుకు వేసిన శిక్షను మాత్రం తప్పంది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. నచ్చకపోతే బయటివాడు లేచి వెళ్లిపోగలడు, కింది ర్యాంకు వాడు వెళ్లలేడు.

పెళ్లి, పిల్లలు, సొంత జీవితంలో కూడా జోక్యం ఉంటుందా?

ఎక్కువ అన్యాయం ఇక్కడే జరిగింది. డ్యూటీతో ఏ సంబంధం లేని విషయాలను కూడా క్రమశిక్షణ పేరుతో శిక్షించారు. బ్రిటన్‌లో 1990 దాకా గర్భవతి అయిన మహిళలను సైన్యం నుంచి పంపేసేవారు. భారత్‌లో 1988లో పెళ్లి చేసుకున్నందుకు ఒక మిలిటరీ నర్సు ఉద్యోగం తీసేశారు. ఆ తొలగింపు లింగ వివక్షేనని చెప్పి, ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024లో. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో లెక్కేస్తే మనసు కలుక్కుమంటుంది.

స్వలింగ సంపర్కులను బ్రిటన్ సైన్యం నుంచి తీసేయడం 1999లో యూరప్ కోర్టులో ఓడిపోయింది, 2000లో నిషేధం ఎత్తేశారు. అమెరికాలో అలాంటి విధానం 2011 దాకా నడిచింది. వివాహేతర సంబంధం భారత్‌లో 2018 నుంచి నేరం కాదు. అయినా దాని మీద సైన్యం క్రమశిక్షణ చర్య తీసుకోవడానికి ఆ తీర్పు అడ్డుకాదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మహిళలకు అవే హక్కులా?

చట్టం ప్రకారం ఆ దిశలోనే వెళ్తోంది, ప్రతి అడుగూ కోర్టుకెళ్లి తెచ్చుకున్నదే. ఇజ్రాయెల్‌లో 1995లో పైలట్ కోర్సు తలుపు తెరుచుకుంది. జర్మనీలో 2000లో ఆయుధాలు పట్టే విభాగాల తలుపు తెరుచుకుంది. భారత్‌లో 2020 ఫిబ్రవరిలో మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యే దాకా సర్వీసులో కొనసాగే వీలు) ఇవ్వాలన్న తీర్పు వచ్చింది.

నచ్చకపోతే మానేయవచ్చా?

మామూలు ఉద్యోగంలోలా నోటీసు ఇచ్చి వెళ్లిపోవడం కుదరదు. దరఖాస్తు పెట్టాలి, అది మంజూరు కావాలి. చెప్పకుండా వెళ్లిపోతే నేరం. నిర్బంధ సేవ ఉన్న దేశాల్లో మనస్సాక్షి ఒప్పుకోని వాళ్ల సంగతి వేరు. మనస్సాక్షికి విరుద్ధంగా ఆయుధం పట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదని జర్మనీ రాజ్యాంగం 4వ అధికరణ అంటుంది. అర్మేనియా కేసులో 2011లో యూరప్ కోర్టు కూడా దీన్ని మత, మనస్సాక్షి స్వేచ్ఛలో భాగంగా గుర్తించింది.

తప్పు చేస్తే ఏ కోర్టులో విచారిస్తారు? అది న్యాయంగా ఉంటుందా?

సైనిక నేరాలకు కోర్టు మార్షల్, అంటే సైన్యం సొంత కోర్టు. చిన్న తప్పులకు కమాండింగ్ ఆఫీసరే శిక్ష వేయవచ్చు, భారత్‌లో జవానుకు 28 రోజుల దాకా సైనిక నిర్బంధం పడవచ్చు. బయటి పౌరుల మీద చేసే హత్య, అత్యాచారం వంటివి మామూలుగా బయటి క్రిమినల్ కోర్టుకే వెళ్లాలి. యాక్టివ్ సర్వీస్‌లోనో (యుద్ధం లాంటి ఆపరేషన్లలోనో) విదేశంలోనో సరిహద్దు పోస్టులోనో ఉన్నప్పుడు మాత్రం కోర్టు మార్షల్‌కు వీలుంది. నిర్బంధంలోకి తీసుకున్న వాడి మీద ఆరోపణను మామూలుగా 48 గంటల్లోపు విచారించాలి.

న్యాయం సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. చార్జి పెట్టించిన అధికారే జడ్జీలను ఎంచుకునే పద్ధతి బ్రిటన్‌లో ఉండేది. అది నిష్పక్షపాతం కాదని 1997లో యూరప్ కోర్టు తేల్చింది. భారత్‌లో కోర్టు మార్షల్ మీద ఒక్క అప్పీలు కూడా లేకపోవడం పెద్ద లోటని సుప్రీంకోర్టు 1982లోనే ఎత్తిచూపింది. అలాంటి అప్పీళ్లు, సైనికుల సర్వీసు కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ కోసం చట్టం 2007లో గానీ రాలేదు. పాతికేళ్లు పట్టింది.

అన్యాయం జరిగితే ఏం చేయాలి?

భారత్‌లో అయితే మొదట యూనిట్ దారిలోనే ఫిర్యాదు. జవాన్లకు ఆర్మీ చట్టం 26వ సెక్షన్, ఆఫీసర్లకు 27వ సెక్షన్. కమాండింగ్ ఆఫీసర్ మీదే ఫిర్యాదైతే ఆయన పై అధికారికి పంపవచ్చు. ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కోర్టు మార్షల్ తీర్పు మీద అప్పీలుకు గడువు 90 రోజులు. ట్రిబ్యునల్ తీర్పులను హైకోర్టులు పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. బి.ఎస్.ఎఫ్., సి.ఆర్.పి.ఎఫ్. వాళ్లకు ఈ ట్రిబ్యునల్ వర్తించదు, వాళ్లు హైకోర్టుకు వెళ్లాలి.

జర్మనీలో ఉన్న ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. అక్కడ సైనికుల కోసం పార్లమెంటు ఒక కమిషనర్‌ను నియమిస్తుంది. ఏ ర్యాంకు సైనికుడైనా, పై అధికారులను దాటి నేరుగా ఆ కమిషనర్‌కు ఉత్తరం రాసుకోవచ్చు. ఇలాంటిది ప్రతి దేశంలోనూ ఉండాలి.

సైన్యం నిర్లక్ష్యం వల్ల గాయపడితే దావా వేయవచ్చా?

అమెరికాలో సర్వీసులో అయిన గాయాలకు ప్రభుత్వం మీద దావా కుదరదని 1950లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బ్రిటన్‌లో అలాంటి అడ్డును 1987లో తీసేశారు. సరైన రక్షణ లేని వాహనాల్లో ఇరాక్‌లో చనిపోయిన సైనికుల కుటుంబాలు వేసిన కేసులు విచారణకు అర్హమైనవేనని 2013లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. భారత్‌లో ఎక్కువగా నడిచేవి వైకల్య పింఛను కేసులు, వాటికి ట్రిబ్యునలే దారి.

సైనికులకు అదనంగా దొరికే రక్షణలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, చాలామందికి తెలియవు. భారత్‌లో సివిల్ కోర్టు డిక్రీ కోసం సైనికుడి జీతాన్ని జప్తు చేయకూడదు, అప్పు కోసం అరెస్టు చేయకూడదు. లీవ్ మీద వచ్చి కోర్టు కేసు నడుపుకునే సైనికుడు సరైన సర్టిఫికెట్ చూపిస్తే ఆ లీవ్‌లోపు విచారణ ముగించడానికి కోర్టు వీలైనంత ప్రయత్నించాలి. భూమి తగాదాలున్న కుటుంబాలకు ఇది చాలా పనికొస్తుంది. యూనిట్ నుంచి బయల్దేరే ముందే ఆ సర్టిఫికెట్ తెచ్చుకోమనండి.

వంటవాళ్లు, క్షురకులు, రోడ్లు వేసేవాళ్లు కూడా ఈ ఆంక్షల కిందికే వస్తారా?

రక్షణ దళాలకు అనుబంధంగా పనిచేసే ఇలాంటి వాళ్లు కూడా 33వ అధికరణ కిందికే వస్తారని భారత సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. సరిహద్దు రోడ్లు వేసే దళం గురించి 1983లో అదే చెప్పింది. తుపాకీ పట్టని మనిషిని తుపాకీ పట్టేవాడి కొలతతో కొలవడం నా దృష్టిలో ఎక్కువే.

రిటైరైతే?

రాజకీయాలు, పత్రికలు, సంఘాలు, అన్నీ తిరిగి వస్తాయి. రహస్యాలు మాత్రం రహస్యాలుగానే ఉండాలి, ఆ బాధ్యత యూనిఫాంతో పాటు దిగిపోదు.

చేరబోయే వాళ్లకు ఇప్పుడే చెప్పాల్సింది ఏమిటి?

సంతకం పెట్టే ముందు ఆ కాగితం పూర్తిగా చదవమనండి, అర్థం కాకపోతే అడగమనండి. సర్వీసులో పెట్టుకునే ప్రతి దరఖాస్తుకూ, మెడికల్ బోర్డు రిపోర్టుకూ ఒక కాపీ ఇంటికి పంపమనండి. వాటిని ఒక ఫైలులో తేదీల వారీగా పెట్టండి. ఫిర్యాదు వేసినా పింఛను అడిగినా, గడువుల లెక్క మొదలయ్యేది ఆ తేదీల నుంచే.